పై పలకలు కోసిన వ్యాగను

వేలెడంత బొమ్మ వ్యాగనుకు నాలుగు వైపులా పలకలు అతికించి, జిగురు ఆరాక, ఆయన మళ్ళీ రంపం అందుకున్నాడు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో రైల్వే యార్డులో నలిగి నల్లగా ముడుచుకుపోయింది. దాన్నే ఆసరాగా పెట్టి పై పలకలు కోయసాగాడు.

"కోసేదానికి కట్టడమెందుకు మహానుభావా? ముందే పొట్టిగా కట్టి ఏడవొచ్చుగా!" అంది భార్య, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"అసలుది పొట్టిగా పుట్టలేదే."

ఆ మాట నిజమే. ఆ వ్యాగన్లు బొగ్గు మోయడానికి పుట్టాయి. ముసలివయ్యాక పట్టాలు బాగుచేసే ఇంజినీర్లకు అంటగట్టారు. బొగ్గు నిండిన ఎత్తుకే, దానికంటే బరువైన కంకరా నింపితే ఇరుసులు అమ్మో అయ్యో అన్నాయి. కొంచెమే నింపరా అంటే వినే మనిషి ఇంకా పుట్టలేదు గనక, పై పలకలే కోసేయమన్నారు. కోసింది ఈయనే. కొలువులో చేరింది మొదలు దిగేదాకా అదే పని. అలవాటుకొద్దీ అత్తారింట్లో మంచం కాళ్ళు కూడా కోసేశాడని బావమరిది ఊరంతా చెప్పాడు గానీ, అందులో ఒక్క కాలే నిజం.

బొమ్మరైళ్ళ సంఘంలో అందరూ మెరిసే ఇంజన్లు, కిటికీల పెట్టెలు చేసేవాళ్ళే. మురికి కంకర వ్యాగన్లు ఈయనొక్కడివే. ఏ ప్రదర్శనలో చూసినా పక్క పట్టాల మీద ఊరికే నిలబడి ఉండేవి. ఈసారి తప్పకుండా తిప్పుతానని కార్యదర్శి మాటిచ్చాడు. జనం కళ్ళెదుట ఒక్క చుట్టు. అంతకు మించి ఆయనకేం అక్కర్లేదు.

"తిరిగేది నిజమైతేనే వస్తా. ఉత్తినే నిలబడినవి ఇంట్లో చూస్తూనే ఉన్నాగా, మీతో సహా" అంది భార్య.

"సాయంత్రం రా. తిరుగుతాయి."

ప్రదర్శన హాల్లో అప్పటికే పెట్టి ఉన్న తన వ్యాగన్ల వరసకు ఆ కొత్త వ్యాగనును చివర తగిలించి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి వేలితో నెట్టి చూశాడు. కదల్లేదు. ఇంకోసారి నెట్టాడు.

"అంటించేశాం పెద్దాయనా!" అన్నాడు కార్యదర్శి, చేతిలో జిగురు గొట్టంతో. "పోయినసారి పిల్లకాయలు లాగి పడేశారుగా. గట్టి జిగురే, మీరేం దిగులుపడకండి."

"తిప్పుతానన్నావు."

"కంకర బండ్లు తిరిగితే ఎవరు చూస్తారు చెప్పండి? ఇవి నిలబడితేనే అందం."

ఆయన కాసేపు నవ్వాడు. "నన్ను ఇంటికి పంపేసిన రోజున కూడా ఇలాగే పొగిడారయ్యా" అని, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

మెరిసే ఇంజన్లు తిరిగాయి. జనం చప్పట్లు కొట్టారు. రద్దీలో ఎవరో ఆయన మోకాళ్ళు తగిలి, "క్షమించండి" అన్నారు. ఆయన పలకలేదు. ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో పెద్దాయన అనుకుని ముందుకెళ్ళారు.

సాయంత్రం భార్య మంచి చీర కట్టుకుని వచ్చింది. "ఏవీ, తిరిగాయా?" అంది. జారిన కళ్ళద్దాలు సర్దబోయి, చల్లబడ్డ చెంప తగిలి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన్ని మోసుకెళ్ళాక, పొద్దున తన కళ్ళెదుట కోసిన వ్యాగను కోసం ఆమె వంగింది.

"మెల్లగా అమ్మా, అది..." అన్నాడు కార్యదర్శి.

ఆమె లాగింది. పెట్టె ఊడి చేతికొచ్చింది. పట్టాల మీద నాలుగు చక్రాలు మిగిలాయి, చుట్టూ తెల్లగా ఎండిన జిగురుతో.