చెవి కోయని గొర్రె

నా భార్య బుగ్గమ్మ చెప్పింది నిజమని ఫోను చెప్పేదాకా మా ఊళ్లో ఒక్కడూ నమ్మలేదు.

నా అల్లుడు నవీన్‌కుమార్ వికారాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. తీరిక దొరికితే 'మీకు తెలుసా' అంటూ అర నిమిషం వీడియోలు చేసి ఫోన్లో పెడతాడు. ఆక్టోపస్‌కు మూడు గుండెలంట. దానికి మాటలు రావు కాబట్టి సరిపోయింది. ఒక్క గుండె ఉన్నవాళ్ల వాగుడే భరించలేకపోతున్నాం. గొర్రెకు పైన ముందుపళ్లు ఉండవని ఇంకొకటి పెట్టాడు. మంద కాసే ఎవడికైనా తెలిసిన సంగతి. దాన్ని పన్నెండు వేలమంది చూసి నోరు తెరిచారు.

పోయిన నెల ఇంకొకటి వచ్చింది. గొర్రె తోటి గొర్రెల ముఖాలు యాభై దాకా రెండేళ్లు గుర్తుంచుకుంటుందంట. మనిషి ముఖాన్ని ఫోటోలో కూడా పోల్చుకుంటుందంట. ఏదో దేశంలో పరీక్ష పెట్టి తేల్చారంట. యాలాల్ దారిలో హోటల్ దగ్గర ఛాయ్ తాగుతూ దాన్ని అందరికీ చూపించినవాడు ఈశ్వర్. నా గొర్రెను తన మందలో పెట్టుకున్నది వాడే.

ఆ గొర్రె పుట్టిన రోజే దాని తల్లి చచ్చింది. బుగ్గమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. మా కులంలో గొర్రెపిల్ల పుట్టిన నెలలోపు ఇంటి మగవాడు చెవి కోసి గుర్తు పెడతాడు. నాది కుడిచెవి కొస, ఈశ్వర్‌ది ఎడమచెవి చీలిక. దీని చెవి మాత్రం కోయలేదు. పోయినేడు వానల్లో కాగ్నా నది ఒడ్డున రెండు మందలు కలిసిపోయినప్పుడు అది వాడి మందతో వెళ్లిపోయింది. కులపెద్ద బీరప్ప దగ్గర పంచాయితీకి కూర్చున్నాం. చెవి కోయని గొర్రె ఏ మందలో దొరికితే ఆ మందదే. అది మా కట్టుబాటు.

"మందను నిలబెట్టున్రి. నేను దూరంగ నిలబడ్త. నా మొకం జూసి అది రాకపోతే నాది కాదు," అన్నది బుగ్గమ్మ.

బీరప్ప నవ్వాడు. "గొర్రెకు మొకాలు ఎర్కనా? రేపు పేరు వెట్టి గూడ పిలుస్తదా ఏంది?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. చెవి ఎందుకు కోయలేదని బీరప్ప నన్నడిగాడు.

"ఆమెనే కోయనియ్యలే. పాలపిల్ల, నొస్తది అన్నది," అని చెప్పాను.

బుగ్గమ్మ నా వైపు చూసింది. గొర్రె ఈశ్వర్ మందలోనే ఉండిపోయింది. ఆ తర్వాత మూడు నెలలకు బుగ్గమ్మ కిడ్నీలు చెడి చనిపోయింది.

మొన్న ఆదివారం నవీన్ వచ్చాడు.

"మామా, అత్త ఫోటో ఇయ్యి. ఆ గొర్రె ముందల పెడ్దాం. గుర్తువడితే మస్తు వీడియో అయితది."

"దవాఖానల ఉన్నప్పుడు మీ అత్త మొకం జూడనీకి నువ్వు ఒక్కనాడు రాలే. గొర్రె నయం నీకన్న."

వాడు తల వంచుకున్నాడు గానీ ఫోను వదల్లేదు. అయినా గోడ మీది ఫోటో తీసి ఇచ్చాను. గొర్రె వస్తే, ఆమె మాట నిజమని బీరప్ప నలుగురిలో ఒప్పుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

కంది కోసిన చేనులో ఈశ్వర్ మంద ఉంది. గట్టున పాతిన నాపరాళ్లకు అద్దం కట్టిన రెండు ఫోటోలు ఆనించాడు నవీన్. ఒకటి బుగ్గమ్మది. ఇంకొకటి, తేడా తెలియడానికి, వికారాబాద్‌లో వాళ్లింటి ఓనరమ్మది. బీరప్ప వచ్చి కూర్చున్నాడు. హోటల్ దగ్గర పనిలేనివాళ్లంతా వచ్చారు. ఈశ్వర్ గొర్రెను వదిలాడు.

అది నిలబడి చూసింది. నేరుగా బుగ్గమ్మ ఫోటో దగ్గరికి పోయి అరిచింది.

"అద్దంల దాని మొకమే అది జూసుకుంటుంది," అన్నాడు ఈశ్వర్.

నవీన్ ఫోటోలను అద్దాల్లోంచి తీశాడు. అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. గొర్రెను మళ్లీ వదిలారు. అది మళ్లీ బుగ్గమ్మ దగ్గరికే పోయింది. మూతితో కాగితాన్ని పొడిచింది, పాలసీసాను పొడిచినట్టు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"బుగ్గమ్మ చెప్పింది నిజమే," అన్నాడు బీరప్ప.

"తోల్కపో కిష్టన్నా," అన్నాడు ఈశ్వర్.

"ఇప్పుడన్న చెవి కోసి తోల్కపో," అన్నాడు బీరప్ప. "అప్పుడే కోస్తే గింత పరేషాన్ లేకపోవు. ఆమెనే అడ్డం వడె. ఏం జేస్తం."

నవీన్ ఫోను నా ముఖం మీదికి తిప్పాడు.

బుగ్గమ్మ అడ్డం పడలేదు. కత్తి నూరి రెండుసార్లు నా చేతిలో పెట్టింది. రేపు కోస్తానని రెండుసార్లూ తాండూరుకు పోయి కల్లు దుకాణంలో కూర్చున్నాను. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా ఈశ్వర్, బీరప్ప, ఛాయ్ తాగి వచ్చిన ఆ మందా. వీళ్ల ముందా అనుకున్నాను.

"తుడిపెయ్ ఆ వీడియోను," అన్నాను నవీన్‌తో.

"మామా, లక్షమంది జూస్తరు."

"తుడిపెయ్."

తుడిపేశాడు. కాగితానికి అంటిన తడిని పంచెతో తుడిచి ఫోటో చంకలో పెట్టుకున్నాను. గొర్రెను తీసుకోలేదు. ఇప్పుడు దాని చెవి కోసే ముఖం నాకు లేదు. అది కొంతదూరం నా వెనక వచ్చింది. రాయి విసిరాను.

గొర్రెను ఎందుకు వదిలేశావని నా బిడ్డ మల్లిక రెండుసార్లు ఫోన్ చేసి అడిగింది. మూడోసారి ఫోన్ ఎత్తలేదు. ఇక్కడ రాసిందే మొదటిసారి, ఇదే ఆఖరు. ఎవరడిగినా ఈ సంగతి ఇంక మాట్లాడను.