ముందే తీర్చిన మొక్కు

మా నాయన నన్ను ఎప్పుడూ రెండుసార్లు పిలుస్తాడు. మొదటి పిలుపు నేనున్న లోకానికి చేరదని ఆయనకు తెలుసు. నేను పప్పులో ఉప్పు రెండుసార్లు వేసినా, దిగాల్సిన స్టాపు దాటిపోయి పుత్తూరులో దిగినా మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోరు. "ధరణి అని పేరు పెట్టినాం గానీ, దీని కాలు భూమ్మీద యాడుండాది?" అంటాడు నాయన.

వడమాలపేట దగ్గర మాకు మూడెకరాల మామిడితోట ఉంది. పుష్యమాసంలో పూత పడుతుంది. ఆ రోజుల్లో తెల్లవారి తోటలోకి వెళ్తే చెట్లు కనిపించవు, పూత వాసన మాత్రం ఎదురొస్తుంది. మంచు ఎక్కువైతే పూత మాడిపోతుందని మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎంతైతే ఎక్కువ అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. అందుకని పోయిన ఏడు ఆ మంచును తూకం వేద్దామనుకున్నాను. కొమ్మలకు దోమతెర ముక్కలు కట్టి, పొద్దున్నే తడిసినవి విప్పి, కాలేజీలో అడిగి తెచ్చుకున్న చిన్న త్రాసులో పెట్టేదాన్ని. ఏ కొమ్మకు ఎంత పూత రాలిందో పక్కనే రాసుకునేదాన్ని. అలా తొంభై రెండు రోజులు చేశాను. ఊళ్ళో నన్ను చూసి నవ్వారు గానీ, నాకు ఆ పొద్దులంత సుఖం ఇంకెక్కడా దొరకలేదు.

తిరుపతిలో నాతో బీఎస్సీ రెండో ఏడు చదివే ఫిర్దోస్ ఆ నోటుబుక్కు చూసింది. "దీన్ని ఢిల్లీ ఫెలోషిప్‌కి పంపుమే. దేశం మొత్తం మీద నలభై మందిని తీసుకుంటారంట" అని నా వెంటపడింది. అది దొరికితే రెండు వేసవులు బెంగుళూరులో, వానల మీదా మబ్బుల మీదా పనిచేసే శాస్త్రవేత్తల దగ్గర ఉండొచ్చు. ఆ తర్వాత పై చదువంతా వాళ్ళే చూసుకుంటారు. దొరక్కపోతే డిగ్రీతో సరి, పుత్తూరులో బీఈడీ చేయమని నాయన ముందే చెప్పేశాడు. ఫిర్దోస్ వాళ్ళ మేడ మీద నన్ను నిలబెట్టి దరఖాస్తుకు ఫోటో తీసింది. నడుం దాటే జడను భుజం మీదుగా ముందుకు వేసుకుని, కెమెరా వైపు కాకుండా ఎటో చూస్తున్నట్టున్నాను అందులో.

ఫిబ్రవరి మొదట్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆ నలభై మందిని ఎంచడానికి ఇంటర్వ్యూకి పిలిచిన నూట యాభై పేర్లలో నా పేరుంది. నేను ఎగురుకుంటూ మా అవ్వ ఆదిలక్ష్మమ్మ దగ్గరికి పోయి, "అవ్వా, లిస్టులో నా పేరు పడింది!" అన్నాను.

అవ్వ చేతిలోని చాట కింద పెట్టి కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టింది. "గోవిందా! నీ పేరు లిస్టులో పడితే నీ తలనీలాలిప్పిస్తానని మొక్కుకొన్నా. రేపే పోదాం పద. మొక్కు నానబెట్టగూడదు."

అప్పుడు చెప్పాలి, ఇది అసలు లిస్టు కాదవ్వా, అసలుది మే నెలలో వస్తుందని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అవ్వ కళ్ళ నిండా నీళ్ళున్నాయి, నేనేమో అప్పటికే సగం బెంగుళూరులో ఉన్నాను. గంగిరెద్దులా తలూపాను.

మర్నాడు పొద్దున్నే అలిపిరి దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టాం. అవ్వకు డెబ్బై ఒకటి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. బస్సులో పోదామంటే "నడిచొస్తానని గూడా మొక్కినా" అంది. ప్రతి మెట్టుకూ వంగి చేత్తో తాకుతూ ఎక్కింది. కొండంతా మంచు కమ్ముకుని ఉంది. ముందు పోయేవాళ్ళ గోవిందలు వినిపించేవి, మనుషులు కనిపించేవాళ్ళు కాదు. ఈ మంచు తూకం ఎంతుంటుందో, దీన్ని పట్టడానికి ఎన్ని దోమతెరలు కావాలో ఆలోచిస్తూ నేను ఎక్కుతున్నాను. గాలిగోపురం దగ్గర అవ్వ కూలబడింది. ఇక్కడ చెప్పేద్దామనుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

"బెంగుళూరు ఎట్టుండాది మే? ఈడ్నించి కనపడతాదా?" అని అడిగింది అవ్వ.

"మంచు తేలిపోతే కనపడతాదేమో అవ్వా" అన్నాను. మేమిద్దరం పడమరకు తిరిగి ఆ తెల్లటి దానిలోకి చాలాసేపు చూశాం. మంచు తేలిపోలేదు, నేను చెప్పలేదు.

కల్యాణకట్టలో గుండు గీసే అమ్మ, "ఇంత జుట్టు! దేనికి తల్లీ మొక్కు?" అంది. "సదువుకు" అని అవ్వ గర్వంగా చెప్పింది. జుట్టు నా ఒళ్ళో పడ్డప్పుడు మెడ వెనక చల్లగాలి తగిలింది. ఏడుపు రాలేదు. నా తలను నేను మొదటిసారి తాకి చూసుకున్నాను, ఎవరిదో తలలా ఉంది.

ఇంటికొచ్చాక, ఇది అసలు లిస్టు కాదని నా నోట విని నాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది మీ కత!" అని గొంతు పెంచబోయి, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ వాకిట్లో కూర్చున్న అవ్వను చూసి తగ్గించాడు. "అవ్వకు సెప్పొద్దు. రేపు నీకు రాకపోతే, కాని పనికి మొక్కు తీర్చి నీకు తానే అడ్డం పడినానని కుమిలిపోతాది. నీకొచ్చినా రాకపోయినా ఆమెకు ఒకటే లిస్టు. సరేనా?"

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. అంతవరకూ ఫెలోషిప్ నా కల. ఇప్పుడు అవ్వ ఎక్కిన మెట్లన్నీ దాంట్లో కలిసిపోయాయి.

మార్చిలో ఇంటర్వ్యూ. మా ఊళ్ళో నెట్ నిలవదని ఫిర్దోస్ వాళ్ళింట్లో, ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ముందు కెమెరా మన ముఖాన్ని దరఖాస్తులోని ఫోటోతో పోల్చి చూసుకుంటుందట, మూడు అవకాశాలిస్తుందట. మొదటిసారి ఎర్రగా వచ్చింది: ఫోటోతో సరిపోలడం లేదు. ఫిర్దోస్ పరుగెత్తి తన నల్ల దుపట్టా తెచ్చి నా తలకు చుట్టి, పక్కకు కొంచెం జడలా వేలాడేసింది. మళ్ళీ ఎర్రగానే వచ్చింది. కెమెరా దాకా ఎందుకు, అద్దంలో నన్ను నేనే పోల్చుకోలేకపోయాను. మూడోసారి నొక్కడానికి నా వేలు ఆడలేదు.

నేను ఆలోచిస్తుండగానే అవతల నుంచి ఒకావిడ గొంతు వినిపించింది. ఇంటర్వ్యూ పర్యవేక్షించే మనిషి. ఒకరి బదులు ఇంకొకరు కూర్చోవడం తాము చాలా చూశామని, గదిలో రెండో మనిషి బయటికి పోవాలని, అయిదు నిమిషాల్లో నేను నేనేనని రుజువు చేయకపోతే పేరు కొట్టేస్తామని ఇంగ్లీషులో చెప్పింది. ఫిర్దోస్ నా భుజం నొక్కి వెళ్ళిపోయింది.

దుపట్టా తీసేశాను. తిరుపతి, దేవుడు, అవ్వ, జుట్టు అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "కావచ్చు. కానీ గుండు చేయించుకున్న ఎవరైనా ఈ మాటే చెప్పగలరు. ఇంకేదైనా చూపించు" అందామె. ఆధార్‌లో నాకు పదేళ్ళు, రెండు జడలు. కాలేజీ కార్డులోనూ జడే. ఫైలంతా బల్ల మీద కుమ్మరించి, పదో తరగతి సర్టిఫికెట్ కెమెరాకు చూపించాను.

"గుర్తింపు చిహ్నాలు," అని ఆమె చదివింది. "ఎడమ చెవికి పైన, తలలో పుట్టుమచ్చ. ఇదొక్కటేనా?"

ఒక్కటే. నా ఒంటి మీద ఇంకెక్కడా మచ్చ లేదని టీచరు విసుక్కుంటే, చిన్నప్పటి నుంచి నాకు తల దువ్విన అవ్వ బడికొచ్చి ఆ మచ్చను రాయించింది. జుట్టులో ఉండే మచ్చ ఎవడు చూస్తాడని క్లాసంతా నవ్వారు. నేను కూడా దాన్ని ఎన్నడూ చూడలేదు.

మెల్లగా తల తిప్పి, ఎడమ చెవి పైభాగాన్ని కెమెరా ముందు పెట్టాను. గోడ మీది కాలెండరు తప్ప నాకేమీ కనిపించలేదు. మచ్చ ఉందో లేదో, అవ్వ కుడీ ఎడమా సరిగ్గా చెప్పిందో లేదో.

"ఉంది," అందామె. తర్వాత కొంచెం మెత్తబడి, "చక్కగా కనిపిస్తోంది. లోపలికి పంపుతున్నా, నీళ్ళు తాగు" అంది.

ముగ్గురు పెద్దవాళ్ళు తెర మీదికొచ్చారు. దోమతెర మీద పడే మంచూ, పూత మీద పడే మంచూ ఒకటేనని ఎలా చెప్పగలవని ఒకాయన అడిగాడు. "తెలీదు సార్. అది తెలుసుకోవడానికే వస్తానంటున్నా" అన్నాను. ఆ అరగంటా నేను ఇంకే లోకంలోకీ పోలేదు.

మే నెలలో అసలు లిస్టు వచ్చింది. నలభై పేర్లలో ముప్పై ఒకటోది నాది. ఫోను చూసి నాయన నా పేరు ఒక్కసారే పిలిచాడు, అదీ సగమే వచ్చింది. పెరట్లో అవ్వ ఆవకాయ కలుపుతూ ఉంది. పరుగెత్తుకుంటూ పోయాను.

"అవ్వా, లిస్టులో నా పేరు పడింది!"

అవ్వ తలెత్తి చూసింది. "ఎన్ని తూర్లు పడతాది మే?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. మూడు నెలలు దాచుకున్నదంతా ఆమె ఒళ్ళో కక్కేశాను, మాటలు లేకుండా. చేతులకు కారముందని అవ్వ మోచేత్తో నా తలను దగ్గరికి లాక్కుంది. వేలెడు పెరిగిన జుట్టు మీద గడ్డం ఆనించి, నాయన వైపు తిరిగి, "దీనికింకా నమ్మకం కుదర్లేదు రా హరినాథూ. అన్ని మెట్లు నేను ఊరికే ఎక్కినానా?" అంది.