సోల పోసిన బియ్యం

పెనుబల్లిలో హైమ ఇంట్లో వంట ఇత్తడి సోలతోనే మొదలవుతుంది. ఆ పూట ఎందరు తింటారో అందరికీ సరిపడా పోస్తుంది ఆ సోల. అంచుదాకా నింపి పైన అరచేత్తో సమంగా రాసినా సరే, చుట్టాలొచ్చే రోజు గిన్నె నిండిపోతుంది. అత్తగారు ఏకాదశి ఉపవాసం ఉన్ననాడు తగ్గించి పోస్తుంది. ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. పక్కింటి దుర్గ కూడా గోడమీంచే అడుగుతుంది, "వదినా, మీ సోల గట్టిగ పోసిందంటగా, చుట్టాలెవరొస్తున్నరు?" అని.

హైమకు చిక్కంతా డాక్టరు దగ్గర మొదలైంది. ఆమె భర్త జయప్రకాశ్‌కు షుగర్ పెరిగింది. "పూటకు ఎనభై గ్రాముల బియ్యం. గుప్పెళ్లూ సోలలూ నాకు చెప్పొద్దు" అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే హైమ బ్యాటరీ కాటా కొన్నది.

అత్తగారు నిర్మలాదేవి ఒప్పుకుంటేగా! "సోల ముట్టకుండ ఈ ఇంట్ల ఎసరు పెట్టేది లేదు" అన్నది. చేసేదిలేక హైమ సోలతో పోసి, కాటా మీద తూచేది. మనిషికి వంద చొప్పున ముగ్గురికీ మూడు వందల గ్రాములు. డాక్టరు మాట సోల చెవికెక్కితేనా! భర్త వాటాలోంచి ఇరవై గ్రాములు తీసి డబ్బాలో పోస్తుంటే అత్తగారు వెనకే నిలబడి గొణిగేది.

"నా కొడుకు నోటికాడి మెతుకులు తీస్తున్నవు."

"తియ్యకపోతే ఆయనకే ముప్పు అత్తయ్యా."

ఇరవై గ్రాముల కోసం రోజూ ఇంత రభస. సోలనూ కాటానూ కలిపి కాలవలో పడేద్దామన్నంత విసుగొచ్చేది హైమకు.

ఆ గురువారం పొద్దున కాటా రెండు వందలే చూపించింది. హైమ బియ్యం డబ్బాలో గుమ్మరించి మళ్లీ కొలిచింది. రెండు వందలే. బ్యాటరీలు మార్చింది. అంతే.

"అత్తయ్యా, ఇవాళ ఉపవాసమా?"

"ఉపవాసమేంది? ఆకలైతాంటే."

ఇంకేం, దొంగ దొరికాడనుకుంది. కొంగు దోపుకుని వాకిట్లోకి వచ్చింది.

"సత్తుపల్లి పోయి బిర్యానీ తిందామనుకున్నరా? ఇక్కడ నేను గ్రాములు తూచుకుంట చస్తున్నా!"

"నీ మీద ఒట్టు. మధ్యాహ్నం ఇంటికే వస్తనే" అన్నాడు జయప్రకాశ్, పొలానికి బయల్దేరుతూ.

"మరి మీకు సోలెందుకు పొయ్యలే?"

"ఏమో. పొద్దుటి నుంచి గ్యాసు పట్టి ఛాతీ బరువుగుంది. అందుకేమో."

నిర్మలాదేవి గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. "మీ మామయ్య పోయిన రోజు గూడ అన్నం తక్కువైంది" అన్నది మెల్లగా. "అప్పుడు కాటా యాడిది? నా చెయ్యి తప్పిందనుకున్న."

హైమ చరచరా వెళ్లి భర్త చేతిలోంచి బండి తాళం లాక్కుని, దుర్గ వాళ్ల కారులో అతన్ని ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లింది. దారంతా అతను గ్యాసేనని సతాయిస్తూనే ఉన్నాడు. గుండెకు పోయే రక్తనాళం మూసుకుపోయిందన్నారు అక్కడ. వెంటనే తెచ్చారు కాబట్టి చికిత్స చేయగలిగామనీ, అయినా తెల్లారేదాకా ఏమీ చెప్పలేమనీ అన్నారు.

తెల్లారింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. హైమకు అందరి మీదా మండిపోతోంది. గ్యాసన్న మొగుడి మీద, తలుపు తియ్యని నర్సు మీద, ఇంట్లో గూట్లో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న ఆ సోల మీద. అప్పుడు ఫోన్ మోగింది.

"హైమా, ఈ కాటా ఎట్ల పెట్టాల్నో తెల్వక దుర్గను పిలిచిన" అన్నది అత్తగారు. "మూడు వందలు చూపిస్తాంది."

హైమ గోడకు చేరగిలబడి భోరుమంది. కాసేపటికి ముక్కు తుడుచుకుంది.

"ఆయన వాటాలో ఇరవై గ్రాములు తీసెయ్యండి అత్తయ్యా."

"ఎప్పుడో తీసేసిన" అన్నది నిర్మలాదేవి. "అన్నం ఉడుకుతాంది. క్యారియర్ తెస్తున్న."