మా అత్తగారి ఆది జాకెట్టు

"నీకేముంది, హాయిగా కూర్చోడమేగా," అన్నారు మా ఆయన సుందరరావు, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ.

మా ఆడపడుచు సుగుణకి తోడుగా వెళ్ళడం గురించి ఆ మాట. పండ్రి బట్టల బజారులో, హోల్‌సేల్ కొట్ల పైన కొత్తగా పెట్టిన ఫ్యాషన్ డిజైన్ స్కూల్లో చేరింది సుగుణ. తొంభై ఎనిమిదిలో రాయ్‌పూర్‌కి అదొక వింత. పెళ్ళి కావలసిన పిల్ల టెంపోలో ఒంటరిగా వెళ్ళకూడదని మా అత్తగారు సారమ్మగారు పట్టుబట్టారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకి రైల్వే డ్యూటీ. ఇక ఇంట్లో ఏ పనీ లేనిదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టి, అందరికీ టిఫిన్లు చేసి, బాబుకి స్కూలు డబ్బా, ఆయనకి క్యారేజీ కట్టి, మధ్యాహ్నానికి అన్నం కూరా వండి, బట్టలుతికి ఆరేసి, అప్పుడు చీర మార్చుకుని సుగుణ వెనక టెంపో ఎక్కేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చేసరికి అంట్లు ఎక్కడివక్కడే ఉండేవి.

స్కూల్లో నా చోటు తలుపు పక్కన ప్లాస్టిక్ స్టూలు. పొద్దు పోవడానికి ఊలు అల్లిక తెచ్చుకున్నాను గానీ రెండో రోజుకే దాన్ని సంచీలోంచి తీయడం మానేశాను. చూడ్డానికే సరిపోయేది. గది నిండా తలల్లేని బొమ్మలు. ఆ పిల్లలు వాటికి కోరా గుడ్డ చుట్టి, గుండుసూదులు గుచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసేవాళ్ళు. బుగ్గన చెయ్యి పెట్టుకుని అలా చూస్తూనే ఉండేవాళ్ళు. అదీ పనేనట! నేను పొయ్యి ముందు అలా ఓ నిమిషం నిలబడితే, "ఏంటమ్మాయ్, కలలు కంటన్నావా?" అంటారు అత్తగారు. టీచరు వచ్చి, "గలత్ హై, ఖోలో," అనేది. తప్పని చెప్పించుకున్న పిల్ల సూదులన్నీ పీకేసి మళ్ళీ మొదలుపెట్టేది. ఏడ్చేది కాదు. వాళ్ళమ్మ పెంపకాన్ని ఎవరూ ఎత్తేవారు కాదు. నా పెళ్ళైన కొత్తలో ఒకసారి రొయ్యల కూరలో ఉప్పెక్కువైంది. ఆ కూరని మా ఇంట్లో ఇప్పటికీ పండగ పండక్కీ మాటల్లో వడ్డిస్తూనే ఉంటారు. అందుకే ఆ పిల్లల్ని చూస్తే నాకు కుళ్ళు పుట్టేది. అబద్ధమెందుకు, కుళ్ళే. తప్పు చేసి కూడా అన్నం సహించడం ఎంత వైభోగమో వాళ్ళకి తెలియదు.

"ఈసారి బొమ్మకి కాదు, మనిషికి కుట్టాలి," అని టీచరు చెప్పిన రోజు పిల్లలు జతలుగా నిలబడి ఒకరికొకరు కొలతలు తీసుకున్నారు. అభన్‌పూర్ నుంచి వచ్చే వందన అనే అమ్మాయికి జత దొరకలేదు. అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చింది.

"దీదీ, ఆప్ ఖడీ హో జాయేంగీ?"

నిలబడ్డాను. నా ఒంటికి టేపు పెట్టడం అదే మొదటిసారి. మా వైపు జాకెట్టు కుట్టించాలంటే ఒళ్ళు కొలవరు, సరిగ్గా సరిపోయే పాత జాకెట్టుని ఆదిగా ఇస్తారు. నేనూ కాకినాడ నుంచి కాపురానికి వచ్చేటప్పుడు పెట్టెలో నా ఆది తెచ్చుకున్నాను. మొదటి క్రిస్మసుకి అత్తగారు ఇంట్లో ఆడాళ్ళందరికీ ఒకే తెల్ల తాను కొని, దాని మీద తన ఆది జాకెట్టు పెట్టి టైలరుకి పంపారు. "ఒకింటోళ్ళకి ఒకటే ఆది చాలు. తలో రకంగా చెప్తే ఆడు గుడ్డ కొట్టేస్తాడు," అన్నారు. నెల తిరక్కుండా నా ఆది స్టవ్వు తుడిచే గుడ్డయింది. అత్తగారివి వెడల్పు భుజాలు, బక్క చేతులు. అప్పట్నుంచీ ఆవిడ ఆదికే కుట్టిన ప్రతి జాకెట్టూ నాకు భుజాల మీంచి జారేది, చంకలో పట్టేసేది. చర్చిలో పాటకి లేచినప్పుడల్లా పిన్నీసు సర్దుకునేదాన్ని. ఓసారి ధైర్యం చేసి చెబితే, "జాకెట్టుకేం రోగం? నీ ఒళ్ళే వంకర," అన్నారు. నేను నమ్మాను. ఇప్పటికీ నాకు మంటెక్కేది ఆవిడ అన్నందుకు కాదు, నేను నమ్మినందుకు. అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా నా భుజాల్ని చూసి నేనే మొహం తిప్పుకునేదాన్ని.

వందన నా వెనక నిలబడి ఈ భుజం నుంచి ఆ భుజానికి టేపు పట్టింది. మళ్ళీ ఒకసారి పట్టి చూసింది.

"కంధే తో ఏక్‌దమ్ బరాబర్ హై దీదీ. యే బ్లౌజ్ కిసీ ఔర్ కా హై క్యా?"

నా భుజాలు సరిగ్గానే ఉన్నాయట, జాకెట్టు వేరెవరిదో అయి ఉంటుందట. నవ్వబోతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల అది గమనించకుండా కొలత రాసుకుంటూ కబుర్లు మొదలుపెట్టింది. "సుగుణ కే ఘర్ మే కబ్ సే కామ్ కర్ రహీ హో?"

సుగుణ వాళ్ళింట్లో ఎప్పట్నుంచి పనిచేస్తున్నారని. వెటకారం లేదు, పాపం మర్యాదగానే అడిగింది. నేను సుగుణ వైపు చూశాను. ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది, తల మాత్రం ఎత్తలేదు. నాకు అర్థమైంది. తోడుగా పనిమనిషిని పంపేంత గొప్పింటి పిల్లనని చెప్పుకుందన్నమాట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత! కాదమ్మా, నేను దాని వదినని అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ వందన అడిగినదాంట్లో తప్పెక్కడుందా అని వెతికితే నాకు దొరకలేదు.

"గ్యారహ్ సాల్ సే," అన్నాను.

పదకొండేళ్ళా, అని కళ్ళు పెద్దవి చేసింది వందన. శనివారం మధ్యాహ్నం తప్పకుండా రమ్మంది, ట్రయల్ వేసి చూడాలట.

తిరుగు టెంపోలో సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "వదినా, అన్నయ్యకి చెప్పకు. నేనేం చెప్పలేదు, వాళ్ళే అలా అనుకున్నారు. నేను కాదనలేదంతే." నేను చెయ్యి విడిపించుకుని సంచీ ఒళ్ళోకి సర్దుకున్నాను. "రేపట్నుంచి నువ్వు రావద్దులే. అమ్మకి నేను చెప్తాను."

"మరి శనివారం ఆ అమ్మాయికి..."

"వందనకా? ఎవరో ఒకరు దొరుకుతార్లే వదినా."

ఆ రాత్రి భోజనాల దగ్గర, తనకిక తోడు అక్కర్లేదని సుగుణ చెప్పింది. "మంచిదే. మజ్జానాలు కాళీ అవుద్ది, ఒడియాలు పెట్టేసుకోవచ్చు," అన్నారు అత్తగారు. "నీకూ తిరుగుడు తప్పింది," అన్నారు మా ఆయన. నువ్వేమంటావని ఎవరూ అడగలేదు. నేను మజ్జిగ పోస్తున్నాను. నాకు కోపం కాదు, భయం వేసింది. శనివారం వెళ్ళకపోతే ఆ కొలత ఎవరిదో ఒకరిదైపోతుంది. మళ్ళీ అద్దం ముందు నిలబడి నా ఒళ్ళే వంకరని నమ్మేస్తాను. నా సంగతి నాకు తెలుసు, నేను ఏదైనా నమ్మేస్తాను.

శనివారం సుగుణ పొద్దున్నే ఒక్కతే వెళ్ళింది. వంట ముగించి, అంట్లు తొట్టి దగ్గరే వదిలేసి, చీర మార్చుకుని వచ్చాను. అత్తగారు డాబా మెట్ల దగ్గర వడియాల పిండి గిన్నె పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

"ఎక్కడికమ్మాయ్?"

"పండ్రికండి."

"సుగుణ ఎప్పుడో ఎల్లిపోయిందిగా. ఇప్పుడెవరికి తోడు?"

"ఎవరికీ కాదండి. ఈరోజు నేను సెలవు పెట్టాను."

"సెలవా?" ఆవిడ గరిట పట్టుకుని అలాగే ఉండిపోయారు. "నీకు సెలవెవరిచ్చారే?"

"రైల్వేలో వాడుకోని సెలవులు మీ అబ్బాయికి పోగవుతున్నాయి కదండీ," అన్నాను చెప్పులు వేసుకుంటూ. "నాకూ పదకొండేళ్ళవి ఉన్నాయి."