ఎవరూ లేని బొమ్మ

నా బొమ్మను మా బావమరిది పాడుచేశాడు. ఇందులో రెండో మాట లేదు. వాడు కుంచె పట్టలేదు, రంగు ముట్టుకోలేదు, కాన్వాసు దగ్గరికి కూడా రాలేదు. టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఒక్క మాట అన్నాడు. అంతే, పాడైంది.

వాడు పరుపులు అమ్ముతాడు. కింద వాడి కొట్టు, పైన నేను బొమ్మలు వేసుకునే గది. ఆ గదీ వాడిదే. అద్దె తీసుకోడు, బదులుగా సలహాలిస్తాడు. అద్దె ఇస్తానని చాలాసార్లు అన్నాను, అప్పుడైనా నోరు మూసుకుంటాడని. ఒప్పుకోలేదు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది, వెలుగు నిలకడగా ఉంటుంది. అందుకని భరిస్తున్నాను. టర్పెంటైన్ వాసన మెట్లు దిగి పరుపులకు పడుతోందని వాడూ, దూది నలకలు మెట్లెక్కి నా తడి రంగు మీద వాలుతున్నాయని నేనూ రోజూ పోట్లాడుకుంటాం.

నా బొమ్మల్లో ఏమీ ఉండదు. చెట్టు ఉండదు, మనిషి ఉండడు, కనీసం ఓ గిన్నె కూడా ఉండదు. మా ఊరి బడిలో డ్రాయింగు మాస్టారు బల్ల మీద కుండ పెట్టి వేయమన్నారు. వేశాను. వంకరగా వచ్చింది. వేలితో చెరిపాను. కుండ పోయి మసక మిగిలింది. కుండ కంటే ఆ మసక బాగుంది. మాస్టారు చెవి మెలిపెట్టారు గానీ అప్పటికే నేను చూసింది చూశాను. నా చదువు ఆ బడితోనే సరి. తర్వాత నేర్చుకున్నదంతా ఆ మసక గురించే.

ఇదేమిటి అని అడిగేవాళ్ళకు నేను రంగు అని చెబుతాను. పాట వింటూ ఇది ఏ కూరగాయ అని ఎవరూ అడగరు కదా. నా బొమ్మలకు నేను పేర్లు పెట్టను. మా బావమరిది మాత్రం అన్నిటికీ పేర్లు పెడతాడు.

నా భార్య పోయాక ఇంట్లో ఎటు చూసినా ఆవిడే. వంటగదిలో డబ్బాలు ఆవిడ సర్దిన వరసలోనే ఉన్నాయి. కుర్చీకి ఆవిడ కళ్ళజోడు తాడు వేలాడుతోంది. వచ్చినవాళ్ళు ఆవిడ గురించే మాట్లాడారు, రాలేనివాళ్ళు ఫోను చేసి మాట్లాడారు. నాకు ఎవరూ లేని చోటు ఒకటి కావలసివచ్చింది. అలాంటిది ఎక్కడా దొరకదు కాబట్టి వేసుకుందామనుకున్నాను. నా ఎత్తుకు మించిన కాన్వాసు బిగించాను. గ్యాలరీ నడిపే మేడమ్ ఈసారి ప్రదర్శనలో పెద్ద గోడ నాకే ఇస్తానంది. ఆ గోడ మీద ఎవరూ లేని బొమ్మ పెట్టాలి. నేను కోరుకున్నది అంతే.

మొదట గుడ్డతో పల్చటి నీలం పూశాను. ఆరాక బూడిద రంగు, దాని మీద ఇంకో బూడిద రంగు. బూడిద రంగంతా ఒకటే అనుకునేవాళ్ళు దాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. నీలంలోంచి వచ్చేది వేరు, ఆకుపచ్చలోంచి వచ్చేది వేరు, చిరాకులోంచి వచ్చేది వేరు. కత్తితో గీకాను, మళ్ళీ పూశాను. ఈ పనిలో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చుని చూడడమే. మా బావమరిది దీన్ని పని అని ఒప్పుకోడు. కింద వాడు చేసేదీ అదేనని, కాకపోతే పరుపు మీద కూర్చుని చేస్తాడని చెప్పాను.

చూడగా చూడగా ఎక్కడ తక్కువైందో ఎక్కడ బరువెక్కిందో బొమ్మే చెబుతుంది. అది అడిగింది ఇవ్వాలి, మనకు ఇవ్వాలనిపించింది కాదు. కోపంగా ఉన్న రోజు రంగు మందంగా పడుతుంది, గీకేయాలి. ఏడుపొచ్చిన రోజు పల్చబడి కారిపోతుంది, అదీ గీకేయాలి. ఏమీ అనిపించని రోజు చెయ్యి చెప్పినట్టు వింటుంది. ఆ బొమ్మ అలాంటి రోజుల్లో పెరిగింది. దాని ముందు కూర్చుంటే పలకరించేవాళ్ళు లేరు. హాయిగా ఉండేది.

అప్పుడు వాడు టీ తెచ్చాడు. గుమ్మంలో ఆగి, తల ఓ పక్కకు వాల్చి చూశాడు.

"అక్క అలిగి గోడవైపు తిరిగి పడుకున్నట్టుంది బావా," అన్నాడు.

పరుపులమ్మేవాడికి ప్రపంచమంతా పడుకునే కనిపిస్తుందని అన్నాను. గ్లాసు పెట్టి పొమ్మన్నాను. పోయాడు. నేను బొమ్మ వైపు తిరిగాను.

ఆవిడ పడుకుని ఉంది.

భుజం, నడుము, వెనక్కి జారిన జడ. బరువు కోసం వేసిన ముదురు నీలం వంపు నడుమైపోయింది. కత్తితో గీకిన సన్న చార జడైపోయింది. అన్నాళ్ళుగా చూస్తున్నాను, అప్పటిదాకా లేదు. ఆవిడ అలక నాకు తెలియనిది కాదు. కొత్త తువ్వాలుతో బ్రష్షులు తుడిచినా అలిగేది, తుడవలేదని అబద్ధం చెప్పినా అలిగేది. గోడవైపు తిరిగి నిద్రపోతున్నట్టు ఊపిరి తీసుకునేది. నిజంగా నిద్రపోతే గురక పెట్టేది, అలిగితే పెట్టేది కాదు. తేడా అక్కడ తెలిసేది.

ఓ కన్ను మూసి చూశాను. కిటికీ తెర వేసి చూశాను. చివరికి కాన్వాసును తలకిందులు చేద్దామనుకున్నాను. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, మళ్ళీ వాడినే పిలవాల్సి వచ్చింది. తిప్పాక చేతులు దులుపుకుని చూశాడు. అక్క తలగడ అటువైపు వేసుకుందన్నాడు. మళ్ళీ మామూలుగా తిప్పించాను.

మర్నాడు వెడల్పాటి బ్రష్షు తీసుకుని, తెలుపు ఎక్కువైన బూడిద రంగుతో భుజం నుంచి కింద దాకా కప్పేశాను. మంచి పొర. వంపు పోయింది, జడ పోయింది. సాయంత్రం వాడొచ్చాడు.

"చలేసినట్టుంది," అన్నాడు. "దుప్పటి కప్పుకుంది."

ఆ మాటతో పొర కింద భుజం మళ్ళీ లేచింది. నాకు ఒళ్ళు మండింది. నా బొమ్మలో మనుషుల్ని చూసే హక్కు నీకెవరిచ్చారని అడిగాను. తనకు అక్క నాకంటే ముందు నుంచీ తెలుసన్నాడు. అమ్మితే బొమ్మ తనకే అమ్మమన్నాడు, బయానాగా డబుల్ కాట్ పరుపు ఇస్తానన్నాడు. నేను తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకోవడం ఆ రోజే మొదలుపెట్టాను. లాభం లేకపోయింది. లోపల ఇప్పుడు ఇద్దరం.

ఇంతలో మేడమ్ ఫోను చేసింది. బొమ్మకు బండి పంపుతానంది, పూర్తయిందా అని అడిగింది. కాలేదన్నాను. నిజమే. ఆ తెల్లటి పొర పడ్డాక బొమ్మంతా చల్లబడిపోయింది. పైన బరువు, కింద ఏమీ లేదు. అంతా తెల్లగా పూసేసి మళ్ళీ మొదలుపెడదామని తెల్లరంగు డబ్బా మూత తీశాను. పూసే ముందు కుర్చీలో కూర్చున్నాను. అది అలవాటు.

కుడి చివర, కింద. అక్కడ వెచ్చగా ఒకటి పడాలి. చిన్నది చాలు. పసుపులో కాస్త ఎరుపు, కాస్త మట్టిరంగు కలిపి చిన్న కత్తితో తీసుకుని పెట్టాను. ఒకే దెబ్బ. బొమ్మ నిలబడింది. బొమ్మ పూర్తయితే నాకు తెలిసిపోతుంది, చెయ్యి దానంతటదే కత్తి తుడవడం మొదలుపెడుతుంది. తుడిచాను. డబ్బా మూత బిగించాను. ఈ పనిలో దొరికే సంతోషం అదొక్కటే, అదీ ఎంతోసేపు ఉండదు. ఆ రోజు మాత్రం ఈల కూడా వేశాను.

బండి వచ్చింది. మెట్లు ఇరుకు. పైకొన నేనూ బండివాళ్ళూ పట్టుకున్నాం, కింది కొన మా బావమరిది పట్టుకున్నాడు. కింద మూల ఇంకా తడి ఉంది, చెయ్యి పడనీయకని వాడికి చెప్పాను. ఎక్కడా అని చూసుకున్నాడు. మెట్ల మధ్యలో ఆగిపోయాడు. తలగడ గురించో మంచం గురించో ఏదో అంటాడని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను.

"మడమ," అన్నాడు.

వాళ్ళక్క ఎంత చలిలోనూ దుప్పట్లోంచి ఒక మడమ బయటపెట్టి పడుకునేది. అది లోపలుంటే ఊపిరాడదనేది. చిన్నప్పుడు వాడు దాన్ని గిల్లి పారిపోయేవాడట. నేను గిల్లేవాణ్ణి కాదు, దుప్పటి లాగి కప్పేవాణ్ణి. ఆవిడ మళ్ళీ తన్నేసేది.

"అది రంగు," అన్నాను. "కింద బరువు చాల్లేదు. అందుకని పెట్టాను."

"సరే బావా."

"తెలిసి పెట్టలేదు."

"సరే అన్నాను కదా. దించు, చేతులు నొప్పెడుతున్నాయి."

ఆ పూట వాడు ఇంకేమీ అనలేదు. ఏదైనా అనుంటే తిట్టడానికి వీలుగా ఉండేది.

బొమ్మ పెద్ద గోడ ఎక్కింది. పేరు రాసే కార్డు ఖాళీగా పెట్టించాను. జనం బాగానే వచ్చారు. ఒకాయనకు మంచు కనిపించింది, ఒకావిడకు విమానం రెక్క కనిపించింది. పళ్ళ డాక్టరొకాయన చాలాసేపు నిలబడి తనకు ప్రశాంతంగా ఉందన్నాడు. మా ఆవిడ ఒక్కరికీ కనిపించలేదు. కానీ ప్రతివాళ్ళూ చివరికి వచ్చి ఆ పసుపు దగ్గర ఆగారు, ఇదేమిటండీ అని అడిగారు. మా బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, బిస్కెట్టు పట్టుకుని ఓ మూల నిలబడ్డాడు. నోరు విప్పలేదు. తెగ మర్యాదస్తుడని మేడమ్ మెచ్చుకుంది. ఎవరో హోటలువాళ్ళు కొంటామన్నారని కూడా చెప్పింది. అమ్మడానికి కాదన్నాను. ఎందుకని అడిగింది. బండి మళ్ళీ ఎప్పుడు పంపుతారని అడిగాను.

బొమ్మ ఇప్పుడు నా పడకగదిలో ఉంది. వాడు తప్పయిందని చెప్పలేదు, చెప్పినా నేను వినను. గది ఖాళీ చేయను, కిటికీ మంచిది. వేరే బొమ్మ మొదలుపెట్టాను, టీ మెట్ల మీద పెట్టి పొమ్మన్నాను. ఆ పసుపు గురించి అడగడానికి ఇంకెవరూ నా దగ్గరికి రావద్దు. చెప్పవలసినంత ఇక్కడ చెప్పాను. ఇక దాని మాట నేను ఎత్తను, ఎవరు ఎత్తినా పలకను.