ఏడు ఒకట్ల సంఖ్య

ఆదోని తాలూకా బళ్ళారి నుంచి కర్నూలు జిల్లాకు మారిన మరుసటేడు, ఎండాకాలంలో, లెక్కల అయివారు భీమప్ప భార్య ముత్తమ్మ విషజ్వరంతో పోయింది. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బయట బల్ల మీద కూర్చుని, మనసు మళ్ళించుకోవడానికి భీమప్ప ఒక లెక్క పట్టుకున్నాడు. వరసగా ఏడు ఒకట్లు రాస్తే పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. దీన్ని శేషం లేకుండా భాగించేది ఏదైనా ఉందా? మూడుతో చేస్తే ఒకటి మిగిలింది. ఏడుతో ఒకటి, పదకొండుతో ఒకటి. పదమూడుతోనూ ఒకటే మిగిలినప్పుడు లోపలి నుంచి పిలిచారు. అతను వెళ్ళేసరికే ప్రాణం పోయింది.

దినాలయ్యాక అక్క నరసమ్మ అతన్ని ఎమ్మిగనూరులోని తన ఇంటికి తీసుకుపోయింది. మగ్గం గదిలో ఓ మూల కూర్చుని పలక మీద భాగహారం చేయడం, శేషం చూడడం, చెరపడం. కళ్ళు మండేవి, వేళ్ళు పీకేవి. చేసేకొద్దీ విసుగే గాని, ఆపే ఓపిక కూడా లేదు. ముత్తమ్మ బతికుండగా మొదలైన సంఖ్య అది. అదొక్కటైనా ఏ సంఖ్యతోనూ పగలకుండా నిలవాలని అతని ఆశ.

"యాడిదాకా వచ్చినాది భీమప్పా?" మగ్గం గుంటలోంచి బావ తిక్కయ్య అడిగాడు.

"రెండువందల ముప్పైమూడు అయిపాయ బావా."

"ఇంగెంత దూరం పోవల్ల?"

"వెయ్యిన్ని యాభైనాలుగు దాకా. దాని వర్గమూలం ఆడికే. ఆపైన సూసే పన్లేదు."

"నాకు ఇంటాంటేనే నడుము నొప్పెత్తాది."

తరువాతి ప్రధాన సంఖ్య రెండువందల ముప్పైతొమ్మిది. నాలుగు సార్లు, ఆరు సార్లు, మళ్ళీ నాలుగు. చివరికి రెండువేల నూట యాభైఒకటి మిగిలితే అందులో సరిగ్గా తొమ్మిది సార్లు పోయింది. శేషం సున్న. తిరగేసి గుణించాడు. ఏడు ఒకట్లూ వచ్చాయి.

భీమప్ప పలక పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య పోయినాక అదే మొదటిసారి. నరసమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఏమాయ అబ్బీ?"

"పగిలిపాయక్కా. పగలదనుకుంటి."

ఏది పగిలిందో ఆమెకు తెలియలేదు. పక్కన కూర్చుని తల నిమిరింది. "ఏడ్సు నాయనా. ఇన్నాళ్ళూ నువ్వు ఏడ్సలేదనే నా బయం."

తిక్కయ్య మగ్గం ఆపాడు. ఆ పూట భీమప్ప రొట్టె తిని, పొద్దుండగానే పడుకుని, తెల్లారేదాకా కదల్లేదు.

లేచాక భాగఫలాన్ని చూశాడు. నాలుగువేల ఆరువందల నలభైతొమ్మిది. అరవైఏడు దాకా చూస్తే చాలు, వాటితో ఏడు ఒకట్లే పగలలేదు గనక ఇదీ పగలకూడదు. అయినా మళ్ళీ చేసి చూసుకున్నాడు; అన్నం వేళకు ఖాయమైంది, అది పగలదు. ఆ సంగతి తెలిసినా సంతోషమేమీ కలగలేదు. ఒళ్ళంతా బరువుగానే ఉంది.

"ఆదోని బస్సు ఎప్పుడుంటాది బావా?" అన్నాడు.

"ఇంగ రెండు దినాలుండి పో."

"బడి తెరిసినారు. పోవల్ల."

నరసమ్మ రొట్టెలు మూట కట్టడానికి లేచింది.