మంజీర వచ్చింది

"చూశారా అండీ! ఉప్మాలో ఉప్పు పోతే ఏం మిగులుతుంది? 'మా' మిగులుతుంది. మా ఆవిడ!"

కామేశ్వరరావు ఈ మాట భార్యతో అనలేదు. భార్య కమలాకుమారి అతనికి రెండడుగుల దూరంలో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. అతను కుర్చీలో పక్కకు తిరిగి, గోడమీద క్యాలెండరు వైపు చూస్తూ, కనుబొమ్మలు ఎగరేసి, అక్కడ ఓ వందమంది కూర్చుని ఉన్నట్టు చెప్పాడు. వాళ్లు నవ్వడానికి రెండు క్షణాలు వ్యవధి కూడా ఇచ్చాడు. తర్వాత తనే నవ్వి, ప్లేటు పక్కకి తోసి, స్టోర్సు గుమాస్తాగా సంతకం పెట్టే వేళ మించిపోతోందని ఫ్యాక్టరీ బస్సు కోసం పరిగెత్తాడు.

ఈ జబ్బు టీవీ నుంచి అంటుకుంది. పదకొండు నెలల క్రితం, ఎనభై ఎనిమిది శ్రావణంలో, పటాన్‌చెరు దగ్గరి ఆ ఫ్యాక్టరీ కాలనీలో ప్రతి మంగళవారం సాయంత్రం అందరూ ఒకే హాస్య సీరియల్ చూసేవాళ్లు. అందులో భర్త పాత్రధారి, భార్య ఏదో అనగానే, ఉన్నట్టుండి తెరలోంచి మనవైపు తిరుగుతాడు. "చూశారా అండీ!" అంటూ ఆవిడ మీద చెప్పాల్సిందంతా మనకే చెబుతాడు. అతను చెబుతున్నంతసేపూ ఆవిడకి ఏమీ వినబడదని లెక్క. గరిటె పట్టుకుని, సగం తెరిచిన నోటితో, అలా నిలబడి ఉంటుంది. కాలనీ అంతా భర్తని చూసి పగలబడి నవ్వేది. కమలాకుమారి మాత్రం వెనక నిలబడ్డ భార్యనే చూసేది. ఒకసారి ఆవిడ కన్ను ఆర్పింది. వింటోందన్నమాట. అన్నీ వింటోంది.

సీరియల్ ఆర్నెల్లలో అయిపోయింది గాని కామేశ్వరరావు ఆపలేదు. కూర మాడితే క్యాలెండరుకి చెప్పేవాడు. చుట్టాలొస్తే చుట్టాలకి, ఎవరూ లేకపోతే కిటికీకి చెప్పేవాడు. ఆమె పక్కనే ఉండగా ఆమె గురించి 'ఈవిడ' అనేవాడు. నువ్వు అనే మాట ఆ ఇంట్లో చొక్కా గుండీ ఊడినప్పుడో, బస్సు పాసు కనబడనప్పుడో తప్ప వినబడేది కాదు. పక్క క్వార్టర్ వీరలక్ష్మి, "మీ వారెంత సరదా మనిషండీ, మా ఆయన నవ్వడానికి కూడా ఓవర్‌టైమ్ అడుగుతాడు," అనేది. సామర్లకోట నుంచి అత్తగారు వచ్చినప్పుడు కమలాకుమారి ఒకే ఒక్కసారి నోరు విప్పింది, నలుగురిలో అలా అంటుంటే బాధగా ఉందత్తయ్యా అని. ఆవిడ వక్కపలుకు నములుతూ, "మీ మావగారు నాతో మాట్లాడితే చెయ్యే ముందు మాట్లాడేది. నీ మొగుడు నవ్విస్తున్నాడు. దానికీ ఏడుపేనా?" అంది. ఆ తర్వాత కమలాకుమారి ఎవరితోనూ అనలేదు. గరిటె పట్టుకుని నిలబడడం ఆమెకీ అలవాటైపోయింది.

ఇప్పుడు ఆ 'చూశారా అండీ' నాటకం అయింది. ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి కామేశ్వరరావు గంటంబావు నాటకం రాశాడు. జనరల్ మేనేజరు కుటుంబంతో సహా ముందు వరసలో కూర్చుంటాడు. కరపత్రం మీద రచన, దర్శకత్వం, ప్రధాన పాత్ర అన్నిటికీ ఎదురుగా అతని పేరే. అట్టడుగున చిన్న అక్షరాల్లో, 'సహకారం: మా ఆవిడ'. అది కూడా జోకే. ఆ సహకారం కింద కమలాకుమారి తెరలు కుట్టింది. నెల రోజులు రిహార్సల్సుకి ఇంటికొచ్చిన తొమ్మిదిమంది మగవాళ్లకి రోజుకి రెండుసార్లు టీ కాచింది. నాటకంలో భార్య వేషం వేస్తున్న ఫిట్టర్ అంజయ్యకి తన ఆకుపచ్చ చీర ఇచ్చి, కుచ్చిళ్లు పెట్టడం నేర్పింది. కామేశ్వరరావుకి డైలాగు నాలుగు ముక్కలు నిలవదు కాబట్టి ప్రాంప్టింగ్ కూడా ఆమే. తువ్వాలు అందించినట్టే మాటా అందించాలి.

నాటకానికి నాలుగు రోజుల ముందు, చివరి సీన్లు అతను గబగబా గీకి పడేస్తే, ఆమె మధ్యాహ్నం కార్బన్ కాగితాలు పెట్టుకుని సాపు రాస్తోంది. ఇరవై మూడో పేజీలో కలం ఆగింది.

భార్య (ఒంటరిగా, గాల్లోకి చూస్తూ): మంజీరా! వచ్చావా తల్లీ?

(ఇరుగుపొరుగు బిందెలతో పరిగెత్తుకొస్తారు.)

భర్త (ప్రేక్షకులతో): చూశారా అండీ! మీ అందరికీ మంజీర రోజు విడిచి రోజు వస్తుంది. మా ఆవిడకి రోజూ వస్తుంది. పైగా బిల్లు కూడా లేదు!

కాలనీలో మంజీర అంటే కుళాయి నీళ్లు. మంజీర నది నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు. 'మంజీర వచ్చింది' అని ఒక్క గొంతు వినబడితే చాలు, వీధి వీధంతా బిందెలతో బయట ఉంటుంది. జోకు బాగా పేలుతుంది. కమలాకుమారికి కూడా ఆ సంగతి అర్థమైంది. అందుకే కలం కింద పెట్టేసింది.

అయిదేళ్ల క్రితం ఆమెకి ఏడో నెలలో నొప్పులొచ్చాయి. పుట్టింది ఆడపిల్ల. ఏడవలేదు. నర్సు గుడ్డలో చుట్టి తీసుకుపోయే లోపల కమలాకుమారి చూసింది ఎంతసేపు? పాలు పొంగేంత సేపు కూడా కాదు. తను ఎక్కడో గోదావరి జిల్లాలో పుట్టి, ఇక్కడికొచ్చి ఈ నీళ్లు తాగి, ఈ నేలమీద కన్న బిడ్డ. ఆ బిడ్డకి ఈ నది పేరే పెట్టుకుంది మనసులో. ఒక్క కామేశ్వరరావుకే చెప్పింది. ఆ రోజు అతను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు ఏ పేరు పెడితే ఆ పేరే," అన్నాడు. ఆ మనిషి అబద్ధం కాదు. అదే ఆమెని ఇన్నాళ్లూ ఆ ఇంట్లో నిలబెట్టింది. తర్వాత పిల్లలు కలగలేదు. బట్టలు మడతపెడుతున్నప్పుడు, బియ్యం ఏరుతున్నప్పుడు, ఎవరూ లేనప్పుడు, "మంజీరా, వాన చూడవే," అనుకునేది పెదాల మీద. ఎవరికీ వినబడదనుకుంది. అతను గుమ్మంలో నిలబడి విన్నాడన్నమాట. విని, కాగితం మీద రాసుకున్నాడన్నమాట.

సాయంత్రం అతను బూట్లు విప్పుతుండగా అడిగింది. "ఏవండీ, ఇరవై మూడో పేజీలో ఆ పేరు తీసేయండి."

"ఏ పేరు?"

"మీకు తెలుసు."

"అదా! అది తీసేస్తే కామెడీ ఏముంది? మీనాక్షి వచ్చిందంటే ఎవడైనా బిందె పట్టుకుని పరిగెత్తుతాడా?"

"అది మన పాప పేరండీ."

కామేశ్వరరావు చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో కదిలింది. ఆమె ఆశ పడింది కూడా. "అయితే ఏం? మనిద్దరికీ తప్ప ఎవరికి తెలుసు?" అన్నాడు చివరికి. ఆమె కదలకుండా నిలబడేసరికి చిరాకొచ్చింది. క్యాలెండరు వైపు తిరిగాడు. "చూశారా అండీ! ఊపిరి పీల్చని పిల్లకి పేరట, ఆ పేరు మీద హక్కులట!"

రెండు క్షణాలు ఆగాడు, నవ్వు కోసం.

మర్నాడు అంట్లు తోమడానికొచ్చిన ఆగమ్మకి ఆమె మొహం చూడగానే తెలిసిపోయింది. ఆగమ్మ కాలనీ గోడ అవతలి పల్లె మనిషి. పాప పోయినప్పుడు పదకొండు రోజులు కమలాకుమారికి వేణ్నీళ్లు పోసింది ఆగమ్మే. విన్నాక పీచు కింద పెట్టి, "గా బిడ్డ పేరు నవ్వులాటకు వెట్టిండా సారు?" అంది.

"ఎవరికీ తెలియదులే ఆగమ్మా."

"గట్లెట్లంటవమ్మా? నీకెరుకనే గద!"

ఆ మాట కమలాకుమారి లోపల మేకులా దిగింది. తను ఒక మనిషి కిందే లెక్క కాదని తనే ఒప్పేసుకుంది ఇందాక, ఎంత తేలిగ్గా! ఆ మధ్యాహ్నం ఆమె తేల్చుకుంది. ఇరవై మూడో పేజీ దగ్గర నోరు విప్పకూడదు. మాట అందకపోతే అంజయ్య నోరు తెరవడు, అతను ఆ సీను దాటేసి తర్వాతి దానిలోకి దూకుతాడు. ఎప్పుడూ అంతే చేస్తాడు. పేరు బయటికి రాదు. అంతే చాలు.

వార్షికోత్సవం నాటి సాయంత్రం ఏడు గంటలకి రేకుల షెడ్డు కిక్కిరిసింది. కమలాకుమారి ఎడమ పక్క తెరచాటున స్టూలు మీద కూర్చుని, చిన్న టార్చి వెలుగులో మాట అందిస్తోంది. అంజయ్య ఆకుపచ్చ చీరలో నడుము తిప్పుకుంటూ రాగానే ఈలలు. కామేశ్వరరావు జనం వైపు తిరిగి 'చూశారా అండీ' అన్నప్పుడల్లా రేకులు అదిరిపోతున్నాయి. ఒక్కొక్క నవ్వు కింద తన ఇంట్లోని ఒక్కొక్క రోజు ఉంది. కూర మాడిన రోజు, ఇంగ్లీషు మాట తప్పు పలికిన రోజు. ఆమె వరసగా గుర్తుపడుతూనే ఉంది, అందిస్తూనే ఉంది.

ఇరవై మూడో పేజీ వచ్చింది. ఆమె పెదాలు బిగించింది.

కామేశ్వరరావు ఆగాడు. చెవి ఇటు వేశాడు. మళ్లీ ఆగాడు. నెమ్మదిగా తెర దగ్గరకి నడిచొచ్చి, "అందించవే!" అన్నాడు పళ్ల మధ్య నుంచి.

ఆమె టార్చి ఆర్పేసింది.

జనం నవ్వారు. ఇది కూడా నాటకమే అనుకున్నారు. ఇందాకటి నుంచి కథలోంచి బయటికొచ్చి మాట్లాడుతున్న మనిషి ఎక్కడ మరిచిపోయాడో, ఎక్కడ నటిస్తున్నాడో వాళ్లకేం తెలుసు? కామేశ్వరరావుకి ఆ సంగతి వెంటనే తట్టింది. మొహం వెలిగింది. గిర్రున జనం వైపు తిరిగాడు. "చూశారా అండీ! ఇంట్లో ఆగమన్నా ఆగదు, ఇక్కడ అడిగినా పలకదు! తెర వెనకున్నది మా అసలావిడ!"

చప్పట్లు వర్షంలా పడ్డాయి. కమలాకుమారి మౌనం కూడా అతని ఖాతాలోకే పోయింది. ఆ ఊపులో సీను దానంతటదే గుర్తొచ్చింది అతనికి. అంజయ్య భుజం తట్టి, "ఊఁ, పిలువవే మన మంజీరని!" అన్నాడు.

అంజయ్య చీర కొంగు నోట్లో కుక్కుకుని, రాసిన మాట మరిచి తన మాటే అన్నాడు. "మంజీరా! వచ్చినవా బిడ్డా!"

నలుగురు కుర్రవర్కర్లు బిందెలతో స్టేజీ మీదికి దూసుకొచ్చారు. షెడ్డు పేలిపోయింది. మేనేజరుగారి భార్య కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. వెనక ఎవరో, "మంజీర వచ్చిందిరో! జల్ది పట్టుండ్రి!" అని కేక వేశారు. ఆ పేరు ఒక నోటి నుంచి ఇంకో నోటికి, వరస నుంచి వరసకి, నవ్వుతో తడిసి తిరుగుతోంది.

స్టూలు మీంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. దీపాల వెలుగులోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, మీరెందుకొచ్చిండ్రు?" అన్నాడు అంజయ్య కంగారుగా. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. అసలావిడ వచ్చింది మరి! వేలాడుతున్న మైకు ముందు నిలబడి ఆమె వాళ్లని చూసింది. క్యాలెండరు వెనక, కిటికీ వెనక ఇన్నాళ్లూ దాక్కున్న వందమంది వీళ్లేనా? వీరలక్ష్మి ఉంది. పాలవాడు ఉన్నాడు. చెడ్డ మొహాలేం కావు. వీళ్లకి ఎవరూ ఏదీ చెప్పలేదు, అంతే.

"మంజీర నా కూతురు," అంది కమలాకుమారి. "అయిదేళ్ల క్రితం ఏడో నెలలో పుట్టింది. ఏడవకుండానే పోయింది. ఆ పేరు నేను పెట్టుకున్నాను. ఈయనొక్కరికే చెప్పుకున్నాను."

వెనక వరసలో ఒకడు ఆలస్యంగా నవ్వి, సగంలో మానేశాడు. స్టేజీ మీద బిందెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అంజయ్య నెత్తిమీది సవరం తీసేసి చేతిలో పట్టుకున్నాడు. "నాకెరుక లేదమ్మా. మా అవ్వ తోడు, నాకెరుక లేదు," అని వెనక్కి జరిగాడు.

కామేశ్వరరావు అలవాటుగా ముందుకి తిరిగాడు. "చూశారా అండీ..."

రెండు క్షణాలు ఆగాడు. మూడో క్షణం కూడా గడిచింది. అంతమంది చూస్తున్నారు. ఒక్క నవ్వు లేదు. చూడడానికి ఇంకెక్కడా చోటు దొరక్క అతను భార్య వైపు తిరిగాడు. దగ్గరికొచ్చి, పెదాలు కదలకుండా, ఆమెకి మాత్రమే వినబడాలని, "నువ్వు ఇంటికి పద. తోలు తీస్తా నీకు," అన్నాడు.

నువ్వు అన్నాడు.

తల మీద వేలాడుతున్న మైకు సంగతి మరిచిపోయాడు. ఆ గుసగుసని అది పట్టుకుని, నాలుగు స్పీకర్లలోంచి షెడ్డు నలుమూలలా, గేటు దగ్గర పల్లీలు అమ్మే బండి దాకా వినిపించింది. మేనేజరుగారి భార్య చేతిరుమాలు ఒళ్లో పెట్టుకుంది. వీరలక్ష్మి భర్త తల దించుకున్నాడు. చాప మీంచి ఆగమ్మ లేచి నిలబడింది. కామేశ్వరరావు పైకి చూసి, మైకుని చూసి, తెల్లబోయాడు.

కమలాకుమారికి ఆ క్షణంలో ఎక్కడ పడుకోవాలో తెలియదు. రేపు ఏం తినాలో తెలియదు. సామర్లకోట నుంచి ఏం ఉత్తరం వస్తుందో మాత్రం తెలుసు. ఆమె జనం వైపు తిరగలేదు. పదకొండు నెలల తర్వాత దొరికిన అతని కళ్లలోకే సూటిగా చూసి, మామూలు గొంతుతో జవాబిచ్చింది.

"నేను రాను."